జలప్రళయగాథయు, నీటి లెక్కయు

గడచిన శ్రావణమాసమున మా యూరి గ్రంథాలయమున ఒక సభ జరిగినది. ఉపన్యాసకులు విద్యావంతులు, ఆంధ్రాంగ్లములు రెంటను ధారాళముగ మాటలాడగలవారు. లోకమునంతటిని ముంచిన జలప్రళయము కల్పన కాదు, చరిత్రయే యని వారి ప్రతిజ్ఞ. యూదుల గ్రంథమున నోవహు కథ గలదు. బాబిలోనీయుల మట్టిపలకలయందు అట్టి కథయే గలదు. మన బ్రాహ్మణములయందును పురాణములయందును మనువు కథ గలదు. ఇందరు కూడబలుకుకొని అబద్ధమాడుదురా యని వారు మొదట ప్రశ్నించిరి. హిమాలయములపై రాళ్ళలో గవ్వలు దొరకుచున్నవనియు, మన పూజామందసములందలి సాలగ్రామములే అందులకు సాక్షులనియు పిమ్మట చెప్పిరి. భూగర్భమున మహాసముద్రములను మించు జలరాశి యున్నదని నేటి శాస్త్రజ్ఞులే కనుగొనిరనియు, ఆ జలమే నాడు పైకుబికినదనియు చెప్పి ముగించిరి. సభ కరతాళధ్వనులతో నిండిపోయినది. మొగమాటముచేత కొంతయు, వారి వాగ్ధాటికి లోబడి కొంతయు, నేనును చప్పట్లు కొట్టితిని.

ఇంటికి మరలు త్రోవలో, తొమ్మిదవ తరగతి చదువు నా శిష్యుడొకడు నా సైకిలు ప్రక్కను నడచుచు, “మాష్టారూ, కొండలు మునిగేటన్ని నీళ్ళు వచ్చాయి సరే, తర్వాత అవన్నీ ఎక్కడికి పోయాయండీ?” అని యడిగెను. ఎండిపోయినవని చెప్పబోయి ఆగితిని. ఎండిన నీరు ఆవిరియై, మబ్బై, మరల ఈ భూమిమీదనే పడవలెను గదా. ఇంకిపోయినవందునా, కొండలు మునుగు నీటిని ఇంకించుకొను నేల యెక్కడ నున్నది? ఇరువది యేండ్లుగా పాఠములు చెప్పుకొని బ్రదుకుచున్నవాడను. ఈ ప్రశ్న నాకెన్నడును తట్టలేదు. ఆ రాత్రి కాగితము, కలము తీసికొని కూర్చుంటిని.

పరీక్షకు నోవహు కథనే ముందుగా గైకొనుచున్నాను. అన్యమతస్థుల గ్రంథమగుటచే దానిని తక్కువ చేయవలెనని గాదు; ఆ కథ కొలతలు చెప్పుచున్నది గనుక. ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. వాన 40 పగళ్ళును 40 రాత్రులును కురిసినది. ఆకాశము క్రిందనున్న ఉన్నత పర్వతములన్నియు మునిగి, వానిపై 15 మూరల నీరు నిలిచినది. 150 దినములు నీరు ప్రబలినది. ఏడాదికి పైగా గడచిన పిదపనే నోవహు కుటుంబము నేలపై నడుగిడినది. కొలత చెప్పినవాడు పరీక్షకు నిలిచినవాడు. అది ఆ కథకు గౌరవమే గాని లోపము గాదు. శతపథ బ్రాహ్మణమందలి మనువు కథలో ఇట్టి కొలతలు లేవు. లేనంతమాత్రమున అది పరీక్షను దాటిపోజాలదు; దాని సంగతి పిమ్మట.

భూగోళపు ఉపరితలము సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. ఎవరెస్టు శిఖరపు టెత్తు, 2020వ సంవత్సరమున నేపాళమును చైనాయును కలిసి ప్రకటించిన ప్రకారము, 8,848.86 మీటర్లు. ఆ శిఖరము మునుగునంతవరకు సముద్రమట్టము లేవవలెనన్న, నేల యాక్రమించు భాగమును తీసివేసినను, దాదాపు 440 కోట్ల ఘన కిలోమీటర్ల క్రొత్త నీరు కావలెను. సముద్రములు, మంచుగడ్డలు, నదులు, చెరువులు, భూగర్భజలములు, మేఘములు, ఇవన్నియు కలిపి నేడు మనకున్న నీరు 138 కోట్ల 60 లక్షల ఘన కిలోమీటర్లు మాత్రమే. ఉన్న నీటికి మూడురెట్లను మించిన నీరు ఎక్కడనుండియో వచ్చి, ఏడాది తిరుగునప్పటికి ఎక్కడికో పోవలెను. ధ్రువములయందలి మంచు యావత్తు కరగినను సముద్రము 65–70 మీటర్లు లేచును. గాలిలోని తేమ యంతయు ఒక్కసారిగ కురిసినను, భూమినంతటిని పరచి చూచినచో ఒక అంగుళము లోతు నిలుచును. ఎవరెస్టును విడిచి, ఓడ నిలిచినదని చెప్పబడు అరారాతు కొండను మాత్రమే ముంచుదమన్నను, దాని యెత్తు 5,137 మీటర్లు. అందులకే 250 కోట్ల ఘన కిలోమీటర్ల నీరు కావలెను. బేరమాడినను లెక్క కుదురుట లేదు.

కోట్లసంఖ్యలు చదువుటకేగాని మనస్సున నిలువవు. కావున మనమెరిగిన నీటితో కొలుతము. 1986 ఆగస్టునెలలో గోదావరికి వచ్చిన వరదను కోనసీమవారు నేటికిని చెప్పుకొందురు. ధవళేశ్వరమువద్ద ఆనాడు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినది. భద్రాచలమున నీటిమట్టము 75 అడుగులు దాటినది. ఆ వరద ఒక దినమైనను తగ్గక 40 దినములు అట్లే పారినదనుకొందము. అప్పటికిని వచ్చునది 340 ఘన కిలోమీటర్ల పైచిల్లర. 440 కోట్లు నిండవలెనన్న అట్టి గోదావరులు కోటి యిరువది లక్షలకు పైగా, ఒక్కసారిగ, నలుబది దినములు పారవలెను. వానమాటకు వత్తము. లోకమున మిక్కిలి వానపడు తావులలో నొకటియగు చిరపుంజిలో 1861 జులై నెల మొత్తమున 9,300 మిల్లీమీటర్లు కురిసినదని లెక్కకెక్కినది. అనగా నెలకు తొమ్మిది మీటర్లకు మించిన వాన. ఎవరెస్టును 40 దినములలో ముంచు వాన గంటకు తొమ్మిది మీటర్లు పడవలెను. చిరపుంజిలో నెలదినములు కురిసినది, భూమియందంతట, సహారా యెడారిలోను, గంటగంటకు కురియవలెను. దానిని వాన యనుటకు నాకు నోరు రాకున్నది.

ఇంతటితో చిక్కు తీరలేదు. ఆవిరి నీరుగా మారునపుడు దానిలో దాగియున్న వేడి వెలికివచ్చును. ఉడుకుచున్న కుండ మూత తీయబోయి చేయి కాల్చుకొన్న ప్రతి యిల్లాలికిని ఇది యెరుకయే. గ్రాము ఆవిరి నీరైనచో వెలువడు వేడి దాదాపు 590 కేలరీలు. గంటకు తొమ్మిది మీటర్ల చొప్పున కురియు వాన విడుచు వేడిని గుణించి చూడగా, వాతావరణపు టంచున సూర్యునికి నేరుగ నెదురైయున్న తావున పడు ఎండకన్న అది నాలుగువేల రెట్లకు మించినది. ఆ వేడిలో ఓడ మునుగుట, తేలుట యను ప్రశ్నయే రాదు. లోపలివారందరు మొదటి జామునకే ఉడికిపోవుదురు.

వాననుండి గాక నీరు భూగర్భమునుండి వచ్చినదనువారు కలరు. ఆదికాండమును మహాగాధజలముల యూటలు విడబడెనని చెప్పుచున్నది. మా యుపన్యాసకులు చెప్పిన శాస్త్రవార్త అబద్ధము గాదు, సగము. 2014వ సంవత్సరమున, భూమి లోతులనుండి పైకి వచ్చిన యొక చిన్న వజ్రములో రింగ్వుడైటు అను ఖనిజపు రేణువు దొరకినది. దాని తూకములో నూటికి ఒకటికి పైగా నీటిపాలున్నదని తేలినది. ఆ ఖనిజము 410 మొదలు 660 కిలోమీటర్ల లోతునగల పొరలలోనిది. దానినిబట్టి ఆ పొరలలో ఎంతో నీరుండవచ్చునని శాస్త్రజ్ఞులు ఊహించిరి. కాని అది బావిలోని నీరువలె నిలిచియున్న నీరు గాదు. రాతి స్ఫటికములలో అణువులుగ బంధింపబడియున్నది. సున్నములో నీరున్నదని సున్నపుగోడను పిండి బిందె నింపుకొనగలమా? అచ్చటి వేడియో, వేయి డిగ్రీలను మించినది. అది పైకుబికినచో వచ్చునది వరద గాదు, నిప్పుకలిసిన యావిరి.

ఇక నాడు కొండలు ఇంత యెత్తు లేవు, ప్రళయము పిమ్మటనే లేచినవందురు. ఈ మాటతో సాలగ్రామము ముందుకు వచ్చుచున్నది. ఇచట కొంచెము నిలువవలెను. ఏలనన మా యింటను ఒక సాలగ్రామమున్నది, మా తాతగారి నాటిది, నేటికిని దానికి ఏకాదశినాడు తులసిదళము పడుచున్నది.

నేపాళమున గండకీతీరమున దొరకు ఆ నల్లని రాయిని పగులగొట్టి చూచినచో లోపల చక్రములవంటి గీతలు కనబడును. అవి అమ్మోనైటు అను సముద్రజీవి గుల్లయొక్క అచ్చులు. సుమారు 15 కోట్ల సంవత్సరములకు పూర్వము, ఇప్పుడు హిమాలయములున్న చోట టెథిస్ అను సముద్రముండెను. దాని యడుగున బురదలో కప్పబడిన గుల్లలు రాయియైనవి. దక్షిణమునుండి కదలివచ్చిన భారతభూఖండము సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట ఆసియాను ఢీకొనగా, ఆ సముద్రపు టడుగు మడతలుపడి కొండలై లేచినది. ఎవరెస్టు శిఖరమందలి సున్నపురాయి మరింత పురాతనము, సుమారు 45 కోట్ల సంవత్సరములది. దానిలోను సముద్రజీవుల తునుకలు గలవు. కావున సాలగ్రామము సముద్రమునకు సాక్షియే, వరదకు గాదు. సముద్రము కొండనెక్కలేదు, కొండయే సముద్రమునుండి లేచినది. ఆ లేచుట ఏడాదికి కొలది మిల్లీమీటర్ల చొప్పున నేటికిని జరుగుచున్నది. దానినంతటిని కొన్ని వందల యేండ్లలో ఇమిడ్చినచో భూమి కంపించి కంపించి ఒక గోడయైనను నిలువదు.

ఈ ప్రశ్న క్రొత్తది గాదు. ఇటలీదేశపు చిత్రకారుడు లియొనార్డో డావించి (1452–1519) తన చిత్తుపుస్తకములలో, సముద్రతీరమునకు ఎంతో దూరమునగల కొండలలో దొరకు గవ్వలను గూర్చి విచారించెను. ఆ గుల్లలలోని పురుగు దినమునకు మూడు నాలుగు మూరలు ప్రాకునే గాని అంతకు మించి పోజాలదు. 40 దినములలో అది అన్ని మైళ్ళెట్లు నడచినదని ఆయన యడిగెను. నా శిష్యుని ప్రశ్నయు ఈ జాతిదే.

ఓడను గూర్చి యెక్కువ చెప్పను. 300 మూరలనగా సుమారు 137 మీటర్లు. అమెరికాలో 1909వ సంవత్సరమున కట్టబడిన వయోమింగ్ అను కొయ్యయోడ, కొయ్యతో కట్టబడిన మహానౌకలలో నొకటి. దాని యొడలు పొడవు సుమారు 100 మీటర్లు. ఇనుపకట్లు వేసినను, సముద్రపు పోటులో దాని పలకలు వంగి సందులిచ్చి నీరు లోపలికి వచ్చుచుండెను. యంత్రములతో తోడవలసి వచ్చెను. 1924లో అది తుపానులో నావికులందరితో మునిగినది. జంతువులు, మేత, పేడ, గాలికి కిటికీ, ఈ పద్దులన్నియు పాఠకులే వేసికొనగలరు.

ఇక తేదీ. ఆర్చిబిషప్పు అషరు 17వ శతాబ్దియందు బైబిలు వంశావళులను కూడి, ప్రళయము క్రీ. పూ. 2350 ప్రాంతమున జరిగినదని తేల్చెను. ఆ కాలమున ఐగుప్తుదేశమున ఐదవ రాజవంశము పోయి ఆరవది వచ్చుచుండెను. మునిగినవారి జాడ ఆ దేశచరిత్రలో లేదు. మన సింధుతీరమున హరప్పా, మొహెంజొదారో నగరములు నిండుగ నుండెను. కాలిఫోర్నియా కొండలలో 4,800 ఏండ్లకు పైబడిన దేవదారుజాతి వృక్షమొకటి నేటికిని బ్రదికియున్నది. దాని వలయములయందు ఏడాదిపాటు నీటమునిగిన గురుతు లేదు. గ్రీన్‌లాండు మంచులో ఏడాది కొక పొర చొప్పున లక్ష యేండ్లకు మించిన పొరలున్నవి. వరద వచ్చినచో ఆ మంచు తెప్పవలె తేలి కొట్టుకొనిపోవలసినది.

“అంతయు దైవలీల, దేవుడు నీటిని పుట్టించెను, మరల హరించెను” అనువారితో నాకు వాదము లేదు. అది విశ్వాసము, విశ్వాసమునకు ఘన కిలోమీటర్లతో పనిలేదు. నా వాదము, గవ్వలను, వజ్రములను, శాస్త్రజ్ఞులను సాక్ష్యమునకు పిలిచి, ఆ సాక్షులు అడ్డుప్రశ్నలకు బదులు చెప్పబోవునప్పటికి “ఇది దైవలీల” యని న్యాయస్థానము మూసివేయువారితోనే.

ఇట్టి సందర్భమున సత్యసంధుడెట్లు ప్రవర్తింపవలెనో చూపినవాడు మతగురువే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రాచార్యుడగు ఆడమ్ సెడ్జ్విక్ క్రైస్తవ పురోహితుడు. ఇంగ్లండులోని కంకరపొరలన్నియు నోవహు ప్రళయమువలననే ఏర్పడినవని ఆయన చాలకాలము బోధించెను. 1823లో విలియం బక్లండ్ అను మరియొక పురోహితశాస్త్రజ్ఞుడు ఆ మతమును స్థాపించుచు గొప్ప గ్రంథమే వ్రాసెను. కాని పొరలను దేశదేశముల పరిశీలింపగా అవి ఒక్కకాలమునాటివి కావనియు, ఒక్క వరద చేసినవి కావనియు తేలినది. 1831 ఫిబ్రవరిలో లండను భూగర్భశాస్త్ర సంఘమునకు అధ్యక్షుడై యుండి, ఆ పీఠమునుండియే సెడ్జ్విక్ తన పూర్వమతము తప్పని ప్రకటించి ఉపసంహరించుకొనెను. బక్లండును తన 1836 నాటి గ్రంథమున ఆ వాదమును విడిచెను. ఇరువురును తమ మతమును విడువలేదు, తమ ఉద్యోగములును పోలేదు. మనలో ఒక పంచాంగకర్త తన తిథి తప్పైనదని ఒప్పుకొన్న సందర్భము నేనెరుగను.

ఇక “ఇందరు కూడబలుకుకొని అబద్ధమాడుదురా?” యను ప్రశ్న. కూడబలుకుకొననక్కరలేదు; ఒకరినుండి యొకరు వినిన చాలును. 1872 డిసెంబరు 3వ తేదీన లండనులో జార్జి స్మిత్ అను పండితుడు, నినెవె నగరపు శిథిలములనుండి వచ్చిన మట్టిపలక నొకదానిని చదివి వినిపించెను. చిన్నతనమున నోట్లు ముద్రించుటకు రాగిరేకులు చెక్కు పనిలో చేరినవాడు. తీరికవేళల తంటాలుపడి ఆ బాణముఖలిపిని నేర్చినవాడు. ఆ పలకలో నోవహునకు పూర్వుడైన నోవహు కనబడెను. దేవతలు వరద తేదలచుట, ఏయా యను దేవుడు ఒక మనుష్యునకు రహస్యముగ చెప్పుట, ఓడ, కొండమీద నిలుచుట, పావురమును, వానకోవెలను, కాకిని విడుచుట, అన్నియు గలవు. అచటి వాన ఆరుపగళ్ళు, ఏడురాత్రులు. ఓడ ప్రతిప్రక్కయు 120 మూరలుగల చదరము. మూలకథ సుమేరీయులది. అది యూఫ్రటీసు, టైగ్రిసు నదుల మైదానపు కథ. వసంతమున ఉత్తరపుకొండల మంచు కరగి ఆ నదులు పొంగినచో, అద్దమువలె చదునైన ఆ నేలలో కంటికానినంత మేర నీరే. మిద్దెనెక్కి చూచినవానికి లోకమంతయు మునిగినట్లే. వాడు అబద్ధమాడలేదు, వాని లోకము నిజముగ మునిగినది.

1929లో ఊర్ నగరమున త్రవ్వించుచుండిన లియొనార్డ్ వూలీ ఎనిమిదడుగులకు పైగా మందముగల ఒండ్రుపొర కనుగొని, నోవహు వరద దొరకినదని చాటెను. కాని కొన్ని మైళ్ళ దూరముననే యున్న ప్రాచీనస్థలములలో ఆ పొర లేదు. కథానాయకుని యూరని బాబిలోనీయులు చెప్పుకొను షురుప్పకున వేరొక పొర గలదు, క్రీ. పూ. 2900 ప్రాంతమునాటిది, ఊరిలోనిది దానికి ఎంతో పూర్వపుది. ఒక వరద గాదు, పెక్కు వరదలు. ఒక లోకము గాదు, ఊరికొక లోకము.

ఇప్పుడు మన యింటి కథకు వత్తును. నోవహు ఓడను గూర్చి నవ్వి, మనువు పడవ దగ్గరకు వచ్చునప్పటికి గొంతు మార్చి, “అది వేరు, దానికి తత్త్వార్థమున్నది” యనువారిని చాలమందిని చూచితిని. ఒకప్పుడు నేనును అట్టివాడనే. అదే త్రాసు ఇచటను పెట్టవలెను. శతపథమున కథ మిక్కిలి చిన్నది. ప్రొద్దుట చేతులు కడుగుకొను మనువు చేతికి చిన్న చేపపిల్ల వచ్చును. నన్ను పెంచుము, వరదనుండి నిన్ను కాచెదనని యది చెప్పును. కుండలో, గుంటలో, తుదకు సముద్రమున పెరుగును. పడవను తన కొమ్మునకు కట్టించుకొని ఉత్తరపు కొండకు చేర్చును. మనువొక్కడే మిగులును. సప్తర్షులు లేరు, బీజములు లేవు, జంతువులు లేవు, విష్ణువు పేరైనను లేదు. భారతమందలి అరణ్యపర్వమున మార్కండేయుడు చెప్పునప్పటికి సప్తర్షులు, విత్తనములు పడవ నెక్కినవి, చేప బ్రహ్మయైనది. మత్స్యపురాణమున విష్ణువైనది. భాగవతము అష్టమస్కంధమునకు వచ్చుసరికి నాయకుడు ద్రవిడదేశాధీశుడగు సత్యవ్రతుడు, చేప దొరకినది కృతమాలానదిలో, త్రాడు వాసుకి, వేదములను దొంగిలిన హయగ్రీవుడును చేరెను. మన యిండ్లలో పోతనగారి నోట విని పెరిగినది ఈ కడపటి రూపమునే. ఉత్తరపుకొండను చేరిన పడవ దక్షిణపునదిలో బయలుదేరినది! జరిగినదానిని చూచి చెప్పినచో సాక్ష్యము కాలక్రమమున తరుగును. ఇచటనో పెరుగుచు వచ్చినది. కథలు పెరుగును, అది వాని ధర్మము. దానిని చరిత్రగ నిలువబెట్టుట పెరిగిన మఱ్ఱిని కుండలో కుక్కుటవంటిది.

అయినను ఈ కథలను పోల్చి చదువగా, నీటి లెక్కకన్న ముఖ్యమైన దొకటి కంటబడినది. వరద ఏల వచ్చినది? శతపథము కారణమే చెప్పదు, వచ్చుచున్నది, అంతియే. భారతము లోకములను కడుగుకాలము వచ్చినదనును. బాబిలోనీయుల అత్రహసీసు కావ్యమున మనుష్యుల రొదవలన ఎన్లిలు దేవునకు నిద్రపట్టలేదు. ఆదికాండమున మాత్రము మనుష్యుల చెడుతనము, బలాత్కారము కారణము. ఈ కడపటి కారణమే లోకమున ఎక్కువగ వ్యాపించినది. మన పౌరాణికులును దానినే అరువు తెచ్చుకొనుచున్నారు. గిల్గమేషు కావ్యపు 11వ పలకలో వరద ముగిసిన పిదప ఏయా ఎన్లిలును నిలదీయును: పాపము చేసినవానిని దండింపుము, అందరిని ముంచుట యేమి యాలోచన, జనము తగ్గవలెనన్న సింహమునో కరవునో పంపరాదా యని. వరదను చూచి దేవతలే భయపడి కుక్కలవలె గోడవార ముడుచుకొందురు. ఇష్టారు దేవి తన బిడ్డలు చేపలవలె సముద్రమును నింపిరని వాపోవును. ఓడలోనివాడు కిటికీ తెరచి, మనుష్యులందరు మట్టియై యుండుట చూచి కూలబడి యేడ్చును. మూడువేల యేండ్లనాటి ఆ కవికి తోచిన ప్రశ్న మా సభలోని విద్యావంతులకు తోచలేదు. ఆదికాండమున మునిగినవారి కొరకు ఎవరును కన్నీరు విడువరు. శతపథమునను విడువరు. నాకు ఆ మట్టిపలకయే గొప్ప కావ్యమని తోచుచున్నది.

ఇది వట్టి సాహిత్యచర్చ గాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినది. వేలకొలది జనము పోయిరి. నేను పుట్టకపూర్వపు మాట. మా మేనత్త ఆనాడు అచటనే యుండెను. తాటిచెట్టును పట్టుకొని బ్రదికెను. ఇద్దరు పిల్లలు బ్రదుకలేదు. పెద్దవానికి ఐదేండ్లు, చిన్నది పాలపిల్ల. కొన్నాళ్ళకు సహాయశిబిరమునకు వచ్చిన పౌరాణికు డొకడు, పాపము పండినపుడు సముద్రుడు హద్దు దాటునని, కలియుగమున ఇది చిన్న ప్రళయమని చెప్పెనట. ఆమె లేచి బయటకు వచ్చినది. ఆ పిమ్మట బ్రదికినన్నాళ్ళును ఏ పురాణమునకును పోలేదు. ఏకాదశి మానలేదు, తులసికోటను మానలేదు. పురాణము మాత్రము వినలేదు. కారణము నాకు చెప్పినది నేను ఉద్యోగమున చేరిన తరువాతనే. బంగాళాఖాతపు వాయుగుండము నీటిని త్రోయుటకు, తీరము పల్లముగ నుండుటకు, హెచ్చరిక చాలకపోవుటకు పాలపిల్ల పాపముతో సంబంధమేమి? లోకమంతయు పాపముచే మునిగినదన్న మాటను చరిత్రగ నమ్మినవాడు, తరువాత ఊరు మునిగినపుడెల్ల మునిగినవారిలో దోషమును వెదకక మానడు. నలుబది దినముల వానలెక్కను ఇంత పట్టుదలతో వేయుటకు అదియే కారణము.

మరునాడు పాఠశాలలో ఆ లెక్కలను నల్లబల్లమీద వేయించితిని. పిల్లలు గోదావరుల సంఖ్య కట్టుటలో చాల ఉత్సాహము చూపిరి. నా శిష్యుడు, “అయితే ఆయన చెప్పింది తప్పాండీ?” అని యడుగగా, తప్పే యనియు, నేను చప్పట్లు కొట్టుటయు తప్పే యనియు చెప్పితిని. ఆ లెక్కల ప్రతినొకదానిని ఉపన్యాసకులకును పంపితిని. వారు మర్యాదగ బదులు వ్రాసిరి. 440 కోట్ల దగ్గర ఒక సున్న ఎక్కువ పడినదేమో మరల చూడుడని కోరిరి. చూచితిని. సున్నలు సరిగనే యున్నవి.